వేడెక్కిన బొగ్గు గుట్టు విప్పుతున్న కాంతి
కోకింగ్ బొగ్గు నాణ్యత నిర్ధారణలో వర్ణపట విశ్లేషణ

ఝరియా గనుల్లో తీసిన రెండు బొగ్గు పెళ్లలను పక్కపక్కన పెడితే సామాన్యుని కంటికి రెండూ ఒకటే. అదే నలుపు, ఇంచుమించు అదే బరువు. కాని వాటిలో ఒకటి కోక్ ఓవెన్‌లో పడితే మెత్తబడి, ఉబ్బి, తిరిగి గట్టిపడి ఉక్కు కర్మాగారానికి ప్రాణప్రదమైన కోక్‌గా మారుతుంది. రెండవది ఎంత కాల్చినా అతుక్కోదు, పొడిపొడిగానే మిగిలిపోతుంది. భూగర్భంలో ఉండగానే అది ఒకసారి వేడెక్కి తనలోని సారాన్ని పోగొట్టుకోవడమే దీనికి కారణం. ఆ సారం ఎంత పోయింది, ఎంత మిగిలింది, ఎంత ఉష్ణోగ్రత వద్ద పోయింది అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగల సాధనంగా వర్ణపట విశ్లేషణ శాస్త్రం గనుల రంగంలో స్థానం సంపాదించుకున్నది.

ఇది కేవలం ప్రయోగశాలలకు పరిమితమైన వ్యవహారం కాదు. ఒక టన్ను ఉక్కు తయారు కావాలంటే బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో సుమారు ముప్పావు టన్ను కోకింగ్ బొగ్గు కావాలి. బొగ్గు నిల్వలలో ప్రపంచంలోని అగ్రశ్రేణి దేశాలలో ఒకటైన భారతదేశం ఈ ఒక్క రకం బొగ్గు విషయంలో మాత్రం విదేశాల వైపు చేయి చాస్తున్నది. ఏటా 5 కోట్ల టన్నులకు పైగా కోకింగ్ బొగ్గు మన రేవులలో దిగుతున్నది. అందులో సింహభాగం ఆస్ట్రేలియా సరుకే. అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 2011లో వరదలు ముంచెత్తినపుడు, 2017లో డెబ్బీ తుఫాను రైలుమార్గాలను దెబ్బతీసినపుడు ఆ సెగ ఇక్కడి ఉక్కు కర్మాగారాల పద్దుపుస్తకాలకు తాకింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 2022 మార్చిలో, మేలురకం కోకింగ్ బొగ్గు ధర టన్నుకు 600 డాలర్లు దాటింది. దిగుమతులపై ఆధారపడటాన్ని 85 శాతం నుంచి 2030-31 నాటికి 65 శాతానికి తగ్గించుకోవాలని 2017 నాటి జాతీయ ఉక్కు విధానం నిర్దేశించింది. ఈ లక్ష్యం నెరవేరాలంటే దేశంలో ఉన్న కోకింగ్ బొగ్గులో ఏది నిజంగా పనికివస్తుందో, ఏది పేరుకు మాత్రమే కోకింగ్ బొగ్గో ముందుగా తేలాలి.

ఓవెన్‌లో జరిగేదేమిటి?

బొగ్గు ఒక్క పదార్థం కాదు. కోట్ల ఏళ్ల కిందట మట్టిలో కలిసిన వృక్షజాలం ఒత్తిడికి, వేడికి మారి ఏర్పడిన సంక్లిష్ట మిశ్రమం. తేనెపట్టు గదుల వలె ఆరేసి కర్బన పరమాణువులతో కూడిన వలయాలు, వాటిని ఒకదానితో ఒకటి కలుపుతూ పొట్టి గొలుసులు, ఆ గొలుసులకు వేలాడుతూ ఉదజని, ప్రాణవాయువు, గంధకం, నత్రజని, వీటన్నిటి మధ్య ఇరుక్కున్న మట్టి, ఇనుప ఖనిజాలు ఇందులో ఉంటాయి. వలయాలు గట్టివి. వేడికి ముందుగా తెగేవి గొలుసులు.

గాలి తగలకుండా బొగ్గును వేడిచేస్తే నూరు డిగ్రీలు దాటగానే తేమ పోతుంది. 350 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య గొలుసులు తెగడం మొదలై, కోకింగ్ గుణమున్న బొగ్గు మైనంలా మెత్తబడుతుంది. తారు ఆవిరులు, మీథేన్ వంటి వాయువులు లోపలి నుంచి తన్నుకు రావడంతో ఉబ్బుతుంది. 500 డిగ్రీలకు అటూఇటూగా తిరిగి గడ్డకట్టి అర్ధకోక్ అవుతుంది. ఆపైన వలయాలు ఒకదానితో ఒకటి అతుక్కుని పలకలుగా పెరుగుతాయి, ఉదజని బయటపడుతుంది. వెయ్యి డిగ్రీలు దాటేసరికి మిగిలేది రంధ్రాలతో కూడిన గట్టి కోక్. ఈ ప్రక్రియ పూర్తికావడానికి ఓవెన్‌లో పదహారు నుంచి పద్దెనిమిది గంటలు పడుతుంది.

మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు 350 నుంచి 500 డిగ్రీల మధ్య ఉన్న ఆ మెత్తబడే దశ. ఆ దశలో రేణువులు కరిగి కలిసిపోతేనే కోక్‌కు బలం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ కేవలం ఇంధనం కాదు. పైనుంచి పడే ఖనిజపు బరువును మోస్తూ, కింది నుంచి వచ్చే వేడి వాయువులకు దారి ఇస్తూ ఒక స్తంభంలా నిలబడవలసింది అదే. బలం లేని కోక్ పిండి అయిపోతే కొలిమి ఊపిరి ఆగిపోతుంది. కనుకనే ఇతర లోపాలను సర్దుకునే ఉక్కు ఇంజనీర్లు కోక్ బలం విషయంలో మాత్రం రాజీపడరు.

పరారుణ కిరణాల సాక్ష్యం

పదార్థంలోని ప్రతి రసాయన బంధమూ తనకంటూ ఒక లయతో కంపిస్తూ ఉంటుంది. ఆ లయకు సరిపోయే పరారుణ కిరణం తగిలితే దాన్ని మింగేస్తుంది. ఏ కిరణాలు లోపలికి వెళ్లి తిరిగి రాలేదో చూస్తే లోపల ఏ బంధాలు ఉన్నాయో తెలుస్తుంది. బొగ్గుపై ఈ పరీక్ష కొత్తదేమీ కాదు. 1945లోనే బ్రిటన్ శాస్త్రజ్ఞులు కానన్, సదర్లాండ్‌లు బొగ్గు పరారుణ వర్ణపటాలను ప్రచురించారు. 1955లో జె.కె. బ్రౌన్ ఒక అడుగు ముందుకు వేసి వివిధ ఉష్ణోగ్రతల వద్ద కాల్చిన బొగ్గులను ఇదే పద్ధతిలో పరిశీలించారు.

వర్ణపటంలో ఒక్కో గీతకు ఒక్కో స్థానం ఉంటుంది. దాన్ని సెంటీమీటరుకు ఎన్ని తరంగాలు అన్న లెక్కలో చెబుతారు. 2,920, 2,850 వద్ద కనిపించే లోయలు పైన చెప్పిన గొలుసులవి. 3,040 సమీపంలోనూ, 700 నుంచి 900 మధ్యనూ కనిపించేవి వలయాలకు అంటుకున్న ఉదజనివి. 1,700 వద్ద కనిపించేది కర్బనం, ప్రాణవాయువు జతకట్టిన కార్బొనిల్ బంధానిది. 1,600 వద్ద ఉండే బలమైన పట్టీ వలయాలదే ప్రధానంగా.

బొగ్గును క్రమంగా వేడిచేస్తూ ఈ గీతలను గమనిస్తే జరిగేది ఒక నాటకంలా కనిపిస్తుంది. 400 డిగ్రీలు దాటాక గొలుసుల గీతలు పలచబడతాయి, 550 ప్రాంతానికి దాదాపు మాయమవుతాయి. అదే సమయంలో వలయాల ఉదజని గీతలు కొంతకాలం బలపడి, 700 డిగ్రీల ప్రాంతంలో అవీ సెలవు తీసుకుంటాయి. ఆపైన బొగ్గు పరారుణ కిరణాలను వేటినీ వదలకుండా మింగే స్థితికి చేరుతుంది. వర్ణపటంలో ఇక చదవడానికి ఏమీ మిగలదు.

కాబట్టి గనిలో దొరికిన బొగ్గు నమూనాలో గొలుసుల గీతలు ఉండవలసినంత లేకపోతే, అది ఇదివరకే వేడి చవిచూసిందని అర్థం. అంతకన్నా విలువైన సమాచారం మరొకటి ఉంది. గాలి తగలని చోట వేడెక్కిన బొగ్గులో గొలుసులు తగ్గుతాయి, కార్బొనిల్ గీత మాత్రం పెరగదు. గాలి తగులుతూ వేడెక్కిన బొగ్గులో గొలుసులు తగ్గడంతోపాటు 1,700 వద్ద గీత పైకి లేస్తుంది. ఉష్ణోగ్రత ఒకటే అయినా రసాయనం వేరు. మొదటిది కాల్చిన దెబ్బ, రెండవది తుప్పు పట్టిన దెబ్బ అనుకోవచ్చు. కోకింగ్ గుణానికి రెండూ చేటే. అయితే రెండవది మరీ తక్కువ ఉష్ణోగ్రతలోనే చాపకింద నీరులా పనిచేస్తుంది. బొగ్గు తూకంలో తేడా తెలియకముందే మెత్తబడే గుణం పడిపోతుంది. 1980ల తొలినాళ్లలో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫూరియర్ పద్ధతి పరారుణ యంత్రాలతో బొగ్గు గీతలను విడదీసి లెక్కించే విధానాలను పరీక్షకు పెట్టడంతో ఈ రంగం ఊపందుకున్నది.

మన బొగ్గుతో వచ్చిన చిక్కు

విదేశీ గ్రంథాలలోని పట్టికలను తెచ్చి మన బొగ్గుకు అతికించడం కుదరదు. దేశంలోని బొగ్గులో అత్యధిక భాగం గోండ్వానా కాలపు నదీ పరీవాహక ప్రాంతాలలో మట్టితో కలగలిసి ఏర్పడింది. బూడిద పాలు ఎక్కువ. మన విద్యుత్ కేంద్రాలకు వచ్చే బొగ్గులో అది 35 నుంచి 45 శాతం వరకు ఉండడం సాధారణం. ఆ మట్టి పైపైన అంటుకున్నది కాదు, బొగ్గు రేణువు లోపల దాకా చొచ్చుకున్నది. కడిగితే పూర్తిగా పోదు.

వర్ణపట యంత్రానికి ఈ మట్టే మొదటి శత్రువు. కయొలినైట్ అనే తెల్లబంకమట్టి ఖనిజం 3,620 నుంచి 3,700 వరకు, మళ్లీ 1,000 నుంచి 1,100 మధ్య పెద్ద గొంతుతో అరుస్తుంది. ఆ గోలలో బొగ్గు మాట వినిపించదు. పైగా బొగ్గును 500 డిగ్రీలకు వేడిచేస్తే ఈ బంకమట్టి తనలోని నీటిని వదిలి రూపం మార్చుకుంటుంది. వర్ణపటంలో వచ్చిన మార్పు బొగ్గుదా, మట్టిదా అన్న సందేహం అక్కడ మొదలవుతుంది. ఈ కారణంగా పరిశోధకులు హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలతో ముందుగా ఖనిజాలను కరిగించి తీసివేసి, ఆ తరువాతే బొగ్గును యంత్రం ముందు ఉంచుతారు. ఒక మిల్లీగ్రాము బొగ్గుపొడిని వంద నుంచి మూడు వందల రెట్లు పొటాషియం బ్రోమైడ్ ఉప్పుతో నూరి బిళ్లగా నొక్కి పరీక్షించడం పాత పద్ధతి. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటే 3,400 వద్ద దొంగ గీత పుట్టుకొస్తుంది. తెలియనివారు దాన్ని బొగ్గుకు అంటగట్టే ప్రమాదం ఉంది.

ఇంధన పరిశోధనకు దేశంలో పునాది పడింది ధన్‌బాద్ సమీపంలోని దిగ్వాడీలో. అక్కడ కేంద్ర ఇంధన పరిశోధన సంస్థ 1950లో ప్రారంభమైంది. 2007లో కేంద్ర గనుల పరిశోధన సంస్థతో విలీనమై ప్రస్తుతం సింఫర్ అనే పొట్టిపేరుతో పనిచేస్తున్నది. 1926లో నెలకొల్పిన భారతీయ గనుల విద్యాలయం, 2016లో ఐఐటీ హోదా పొందినది, కూడా అదే నగరంలో ఉన్నది. బొగ్గు ఉన్నచోటనే దాన్ని చదివే విద్య ఉండాలన్న నాటి ప్రణాళికాకర్తల ఆలోచన ఈ విషయంలో ఫలించిందనే చెప్పాలి.

రామన్ కిరణం, ఝమా బొగ్గు

పరారుణ కిరణాలు చేతులెత్తేసే చోట అందివచ్చేది రామన్ వర్ణపటం. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ ప్రపంచానికి చాటిన ఆవిష్కరణ ఇది. ఆయన బాల్యం గడిచింది విశాఖపట్నంలో అన్నది తెలుగువారికి గర్వకారణం. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. పదార్థంపై పడి చెదిరే కాంతిలో కోటికి ఒక వంతు రంగు మార్చుకుని వస్తుంది. ఆ స్వల్పాంశంలోనే పదార్థపు లోపలి అమరిక లిఖితమై ఉంటుంది.

కాలిన బొగ్గుపై లేజర్ కిరణాన్ని ప్రసరింపజేస్తే రెండు శిఖరాలు కనిపిస్తాయి. ఒకటి 1,350 సమీపంలో, రెండవది 1,580 నుంచి 1,600 మధ్య. రెండవది గ్రాఫైట్‌లో ఉండే క్రమబద్ధమైన అమరికకు గుర్తు. మొదటిది ఆ అమరికలోని లోపాలకు గుర్తు. బొగ్గు అందుకున్న వేడిని బట్టి ఈ రెంటి ఎత్తు, వెడల్పు మారుతూ పోతాయి. చల్లబడ్డాక కూడా ఆ గుర్తు చెరిగిపోదు. జ్వరం తగ్గిన తరువాత కూడా ఒకప్పుడు ఎంత జ్వరం వచ్చిందో చెప్పే ఉష్ణమాపకం వంటిదన్నమాట. 2002లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుల బృందం ఒకటి 330 నుంచి 650 డిగ్రీల మధ్య రూపాంతరం చెందిన శిలలకు ఈ పద్ధతిలో ఉష్ణోగ్రతలు కట్టే సూత్రాన్ని ప్రకటించింది.

ఝరియాకు ఈ విద్య అవసరం మరీ ఎక్కువ. సుమారు పదకొండు కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్ల కాలంలో, భూగర్భం నుంచి ఎగదన్నిన శిలాద్రవం దామోదర్ లోయలోని బొగ్గు పొరలను చీల్చుకుంటూ వచ్చింది. అది తగిలినచోటల్లా బొగ్గు భూమిలోనే కాలి కోక్ వంటి పదార్థంగా మారిపోయింది. గనికార్మికులు దాన్ని ‘ఝమా’ అంటారు. ఝమా తిరిగి మెత్తబడదు, కోక్ కాదు. శిలాద్రవపు గోడకు ఆనుకుని ఉన్నది స్పష్టంగానే తెలిసిపోతుంది. ఎటొచ్చీ దానికి కొన్ని మీటర్ల దూరంలో, సగం దెబ్బతిన్న బొగ్గుతోనే తంటా. ఏ గజం వరకు ఝమా, ఏ గజం నుంచి మేలైన బొగ్గు అన్న గీత గీయడం అనుభవజ్ఞులకూ కష్టమే. గోడ నుంచి అడుగడుగునా నమూనాలు తీసి రామన్, పరారుణ వర్ణపటాలతో పోల్చి చూస్తే ఆ సరిహద్దు బయటపడుతుంది.

నూరేళ్ల మంటల నడుమ

ప్రకృతి పెట్టిన మంట చాలదన్నట్లు మనిషి పెట్టినది మరొకటి. ఝరియా బొగ్గు క్షేత్రంలో భూగర్భ అగ్నిని తొలిసారి 1916లో భౌరా గనిలో గుర్తించారు. ప్రైవేటు యాజమాన్యాలు లాభాపేక్షతో తవ్వి, పూడ్చకుండా వదిలేసిన గుహలలోకి గాలి చొరబడడం ఇందుకు ప్రధాన కారణం. కోకింగ్ బొగ్గు గనులను ప్రభుత్వం 1972లో జాతీయం చేసింది. అప్పటికే మంటలు అనేక చోట్లకు పాకాయి. సుమారు 450 చదరపు కిలోమీటర్ల ఈ క్షేత్రంలోనే దేశానికి మేటిరకం కోకింగ్ బొగ్గు ఉండడం విషాదం. నేల కుంగే ప్రాంతాలలోని కుటుంబాల తరలింపు, మంటల నివారణ కోసం 2009లో బృహత్ ప్రణాళిక ఆమోదం పొందింది. గడువులు దాటాక, 2025 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 5,940 కోట్ల రూపాయల సవరించిన ప్రణాళికకు అనుమతినిచ్చింది.

మంట చుట్టూ ఉన్న బొగ్గును తవ్వి తీయడం మంట ఆర్పే మార్గాలలో ఒకటి. ఆ బొగ్గును ఏ ఖాతాలో వేయాలన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న. కోకింగ్ బొగ్గుకు పలికే ధర ఒకటి, బాయిలర్‌లో మండించే బొగ్గుకు పలికే ధర మరొకటి. వేడి సోకిన బొగ్గును వాషరీకి పంపి, కడిగి, ఓవెన్‌లో వేశాక పనికిరాదని తేలితే నష్టం ఇరువైపులా. అలాగని జాగ్రత్త పేరిట మంచి బొగ్గును విద్యుత్ కేంద్రాలకు తోలితే, దాని స్థానంలో ఆస్ట్రేలియా నుంచి డాలర్లు పోసి తెచ్చుకోవలసి వస్తుంది. దేశంలో తక్కువగా ఉన్న సరుకును బాయిలర్ పాలు చేయడంకన్నా పెద్ద దుబారా మరొకటి ఉండబోదు.

అయితే వర్ణపటం ఒక్కటే తీర్పు చెప్పలేదు. మూసలో బొగ్గు ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష, మెత్తబడినప్పుడు ఎంత ధారాళంగా కదులుతుందో కొలిచే గీస్లర్ పరీక్ష, నమూనా ఓవెన్‌లో కోక్ తయారుచేసి దాని బలాన్ని చూసే పరీక్ష ఇప్పటికీ ప్రామాణికాలే. అవి ఏం జరిగిందో చెబుతాయి, ఎందుకు జరిగిందో చెప్పవు. వర్ణపటం ఆ లోటు తీరుస్తుంది, అదీ నిమిషాలలో. వాయువుల విషయంలోనూ అంతే. బొగ్గును త్రాసుపై ఉంచి వేడిచేస్తూ, వెలువడే వాయువులను పరారుణ యంత్రంలోకి పంపితే తారు, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ ఏ డిగ్రీ వద్ద ఎంతెంత వచ్చాయో నమోదవుతుంది. ఉదజని మాత్రం ఈ యంత్రానికి చిక్కదు. ఒకే రకం పరమాణువులు రెండు జతకట్టిన ఆ అణువు పరారుణ కిరణాన్ని పట్టించుకోదు. దానికి వేరే సాధనం వెతుక్కోవలసిందే.

సింగరేణి నుంచి విశాఖ దాకా

వేడెక్కే బొగ్గు సమస్య తెలుగు నేలకూ పరిచితమే. 1871లో విలియం కింగ్ ఇల్లెందు వద్ద కనుగొన్న బొగ్గుతో మొదలైన సింగరేణి క్షేత్రంలో దొరికేది కోకింగ్ రకం కాదు. విద్యుత్ కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీలు దానికి గిరాకీదారులు. కాని ఏ రకమైనా గాలి తగిలితే తనంతట తాను వేడెక్కే గుణం బొగ్గుకు ఉన్నది. పెద్దలు దాన్ని రాక్షసిబొగ్గు అన్నది ఊరికే కాదేమో. భూగర్భ గనులలో బొగ్గు తీసివేసిన ఖాళీలలో మిగిలిన పొడి ప్రాణవాయువును పీల్చుకుని నెమ్మదిగా రాజుకుంటుంది. మంట కనిపించడానికి ఎంతో ముందే కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. తగ్గిన ప్రాణవాయువుకూ, పుట్టిన మోనాక్సైడ్‌కూ గల నిష్పత్తిని గ్రాహం నిష్పత్తి అంటారు. ఆ అంకె పెరుగుతున్నదంటే గోడకట్టి ఆ భాగాన్ని మూసివేయవలసిన వేళ దగ్గరపడిందన్నమాట. ఆ వాయువును పసిగట్టే యంత్రాలలో పరారుణ కిరణాలతో పనిచేసేవి ముఖ్యమైనవి. బొగ్గు అణువు లోపల కార్బొనిల్ గీతను చదివిన కిరణమే ఇక్కడ కార్మికుల ప్రాణాలకు కాపలా కాస్తున్నది.

1992 ఆగస్టు 1న నాటి ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన విశాఖ ఉక్కు కర్మాగారం ఏడు మీటర్ల ఎత్తైన కోక్ ఓవెన్లను దేశంలో మొదటగా నెలకొల్పింది. సముద్రం ఒడ్డున ఉన్న ఈ కర్మాగారానికి కోకింగ్ బొగ్గు ప్రధానంగా ఓడలలోనే వస్తుంది. విదేశీ బొగ్గుల మిశ్రమం కుదరడంలోనే ఓవెన్ల క్షేమం ఉన్నది. వేల మైళ్ల దూరం నుంచి తెచ్చిన సరుకు యార్డులో ఎండకు, వానకు నెలల తరబడి పడి ఉంటే అక్కడా ఆ 1,700 గీత పైకి లేవడం మొదలవుతుంది. అందుకే కోకింగ్ బొగ్గు గుట్టలలో ముందు దిగిన సరుకునే ముందు వాడడం, గుట్టను అదిమి గాలి చొరకుండా చూడడం, నిల్వ పాతబడితే ఓవెన్‌కు పంపేముందు తిరిగి పరీక్షించడం ఉక్కు కర్మాగారాలు పాటించే జాగ్రత్తలు.